పెళ్ళి వీడియో ఎవరి చేతిలో పెట్టాలి? 1892 నుంచి డ్రోన్ దాకా ఒక చిన్న చరిత్ర

భోగాపురం నుంచి మాట్లాడుతున్నాను. పెళ్ళిళ్ళ సీజన్ మొదలైతే చాలు, తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి నాకు ఒకటే ఫోను. "తమ్ముడూ, పెళ్ళి కుదిరింది. నువ్వు వీడియోలు చేస్తావ్ కదా, ఎవరిని పెట్టుకోమంటావ్?" అని. ఆ వెంటనే ఇంకో రెండు ప్రశ్నలు. కెమెరా ఏదై ఉండాలి, డ్రోన్ ఉంటుందా ఉండదా.

ఇదివరకు నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ణి. నాలుగేళ్ళు డేటా బ్యాకప్ మీదే పని. అందుకని ఈ ప్రశ్న నాకు వేరేగా వినిపిస్తుంది. కెమెరా ఏదైనా పర్వాలేదు, తీసింది ముప్పై ఏళ్ళ తరవాత ఎవరి దగ్గర ఉంటుంది, ఆ రోజున తెరుచుకుంటుందా అన్నది నాకు ముఖ్యం. ఇది నా చాదస్తం కాదండి, పెళ్ళి కెమెరా చరిత్ర చూస్తే మీకే అర్థమవుతుంది. ప్రతి కాలంలోనూ మనవాళ్ళు కెమెరా చూసి మనిషిని పెట్టుకున్నారు. పోగొట్టుకున్నది మాత్రం కెమెరా వల్ల కాదు. ఒకసారి మొదట్నుంచి చూద్దాం.

లెక్కలో పెళ్ళిళ్ళు, బొమ్మలో పెళ్ళిళ్ళు

మనకి ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న విజయనగరంతో మొదలుపెడదాం. 1892లో గురజాడ వారి కన్యాశుల్కం మొదటిసారి అక్కడే ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. దాని ముందుమాటలో గురజాడ ఒక లెక్క రాశారు. మహారాజా ఆనంద గజపతిరాజు గారు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితా ఒకటి తయారు చేయించారట. మొత్తం 1,034 పెళ్ళిళ్ళు, సగటున ఏడాదికి 344. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది వయసువాళ్ళు ముగ్గురు. చెప్పడానికి ఇష్టం లేక చాలామంది దాచారు కాబట్టి ఈ జాబితా కూడా పూర్తిది కాదని ఆయనే రాశారు.

పెళ్ళి వీడియో గురించి చెబుతూ ఇదెందుకు చెప్తున్నానంటే, మన ప్రాంతపు మామూలు పెళ్ళిళ్ళ గురించి నాకు తెలిసిన పాత రికార్డుల్లో ఇదొకటి. అందులో మొహాలు లేవు, గొంతులు లేవు. వయసూ, ధరా ఉన్నాయి. ఆ పిల్లల్లో ఒక్కరి మొహం కూడా మనకి తెలీదు. అంకె మిగిలింది, మనిషి మిగల్లేదు.

సరిగ్గా అదే 1892లో, హైదరాబాదులో ఇంకో పని జరిగింది. లాలా దీనదయాళ్ అనే ఫోటోగ్రాఫర్ ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు పరాయి మగవాడి ముందు కూర్చోరు. అందుకని ఆ స్టూడియోని మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆవిడ చేతికి అప్పగించారు. ఈయన ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్, రాజా దీనదయాళ్‌గా మనకి తెలుసు. అన్నట్టు ఈయన రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ప్రభుత్వ ఉద్యోగం వదిలేసి కెమెరా పట్టినాయన. కాబట్టి నేను ఉద్యోగం మానేసినప్పుడు మా ఇంట్లో జరిగిన గొడవ కొత్తదేం కాదు.

ఇక్కడ గమనించాల్సింది ఏటంటే, 130 ఏళ్ళ కిందటే వాళ్ళకి ఒక విషయం అర్థమైంది. ఎంత గొప్ప కెమెరా అయినా, ఆ గదిలోకి ఎవరు వస్తున్నారన్నదాన్ని బట్టే బొమ్మ వస్తుంది. మంగళస్నానాలప్పుడు, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్నప్పుడు లోపలికి వచ్చేది ఎవరు? ఈ ప్రశ్న ఇవాళ్టికీ పాతబడలేదు. చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

పన్నెండు బొమ్మల కాలం

దీనదయాళ్ గారిది రాజుల కాలం. మామూలు ఇళ్ళలోకి కెమెరా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మన తాతల పెళ్ళిళ్ళ నాటికి ఊళ్ళో ఫోటో స్టూడియో అంటే ఒక గది, వెనక గుడ్డ మీద రంగులతో వేసిన తోటో, మేడ మెట్లో. పెళ్ళికి వస్తే చేతిలో రెండు కళ్ళ కెమెరా ఉండేది, యాషికా లాంటిది. పై అద్దంలోంచి చూసి, కింది అద్దంతో తీస్తారు. ఆ మనిషి తల వంచి కెమెరాలోకి చూస్తుంటే దణ్ణం పెడుతున్నట్టుండేది.

దాంట్లో వేసే 120 ఫిల్ము రోలుకి పన్నెండు బొమ్మలు. మూడు రోళ్ళు తెచ్చాడంటే 36. అంతే పెళ్ళి. ఒక్కో బొమ్మకి డబ్బు. కాబట్టి ముందే పెద్దవాళ్ళు లెక్క వేసుకునేవారు. జీలకర్ర బెల్లం ఒకటి, తాళి ఒకటి, తలంబ్రాలు ఒకటి, వియ్యాలవారితో ఒకటి, మేనమామలతో ఒకటి. మేనత్తని మర్చిపోతే ఆ అలక ఇరవై ఏళ్ళు.

ఇందులో ఒక కష్టం ఉంది, ఒక సుఖం ఉంది. కష్టం ఏటంటే, వంటవాళ్ళూ, సన్నాయి మేళం వాళ్ళూ, పందిరి వేసినవాళ్ళూ, పీట కింద నిద్రపోయిన పిల్లలూ ఆ 36లో ఉండరు. ఖర్చు పెట్టగలిగినవాళ్ళే బొమ్మలో మిగిలారు. సుఖం ఏటంటే, ఆ 36 ఇవాళ్టికీ ఉన్నాయి. పాత ట్రంకు పెట్టె తెరిస్తే చాలు. కరెంటు అక్కర్లేదు, ప్లేయర్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. చేతిలోకి తీసుకుంటే కనిపిస్తుంది.

వీడియో లైటు వచ్చిన రాత్రి

తరవాత వచ్చింది క్యాసెట్టు. వి.హెచ్.ఎస్. పద్ధతిని జపాన్‌లో జె.వి.సి. కంపెనీ 1976లో తెచ్చింది. మన దేశంలో 1982 ఏషియన్ గేమ్స్ ఏడాది కలర్ టీవీ మొదలైంది. గల్ఫ్ నుంచీ సింగపూర్ నుంచీ వచ్చినవాళ్ళు వి.సి.ఆర్.లు తెచ్చారు. మెల్లగా 80ల చివర్లో, 90ల మొదట్లో చిన్న ఊళ్ళకి కూడా భుజం మీద పెట్టుకునే పెద్ద వీడియో కెమెరాలు వచ్చాయి. పానాసోనిక్ ఎం-సిరీస్ కెమెరాలంటే అప్పటి వీడియోగ్రాఫర్లకి బుల్లెట్ బండి ఉన్నంత గౌరవం.

ఒక్కసారి లెక్క చూడండి. మన టీవీ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు. మూడు గంటల క్యాసెట్టంటే 2,70,000 బొమ్మలు. 36 నుంచి 2,70,000కి, అదీ ఒక్క తరంలో! ఇక ఎవరూ అలగక్కర్లేదు. బంతి మొత్తం తిరిగి, విస్తరి ముందు కూర్చున్న ప్రతి ఒక్కరి మొహం మీద లైటు వేసి తీసేవారు. మనకి నవ్వొచ్చే షాట్ అదే కదా, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే కెమెరా రావడం. నన్నడిగితే చరిత్రకి పనికొచ్చే షాట్ అదే. ముందు వరసలో లేని మనుషులు మొదటిసారి రికార్డులోకి ఎక్కింది అక్కడే.

మన లగ్నాలు సగం అర్ధరాత్రివి. ఆ కెమెరాలకి చీకట్లో కనపడదు. అందుకని వెయ్యి వాట్ల లైటు పట్టుకుని ఒక కుర్రాడు వెంట తిరిగేవాడు, వాడి వెనక వైరు పట్టుకుని ఇంకొకడు. ఓల్టేజీ పడిపోతే జనరేటరు. లైటు ఎటు తిరిగితే పెళ్ళి అటే జరుగుతున్నట్టు. పెళ్ళికూతురు చెమటతో తడిసిపోయి కళ్ళు మూసుకుంటే, "అమ్మా, ఇటు చూడండి, ఒకసారి ఇటు" అని అరుపు. తాళి కట్టేటప్పుడు పురోహితుడి మాట కాకుండా వీడియో అతని మాట వినడం అప్పుడే మొదలైంది.

ఆ తరవాత మిక్సింగ్. ఎర్ర గులాబీ విచ్చుకుంటే లోపల పెళ్ళికొడుకు మొహం, తామర పువ్వులో పెళ్ళికూతురు, పేజీ తిప్పినట్టు షాట్ మారడం. ఇదంతా మనకి తెలిసిందే. నవ్వుకుంటాం. కానీ అక్కడ నిజంగా పోయింది ఒకటుంది. అది శబ్దం.

మా అమ్మానాన్నల పెళ్ళి 1995లో. మూడు గంటల క్యాసెట్టు. రెండేళ్ళ కిందట దాన్ని డిజిటల్ చేయించి ఇంట్లో టీవీలో పెట్టాను. మా అమ్మ తాళి కట్టే చోటు చూడలేదు. అప్పగింతల దగ్గర ఆపమంది. అక్కడ మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, నాన్నగారి చెయ్యి పట్టుకుని ఏదో చెప్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. దాదాపు నిమిషంన్నర. వెనకాల సినిమా పాట. మిక్సింగ్‌లో అసలు శబ్దం తీసేసి పాట వేశారు. మాస్టర్ క్యాసెట్టు స్టూడియోలోనే ఉండిపోయింది, ఆ స్టూడియో ఎప్పుడో మూతపడింది. తాతయ్య పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఆయన గొంతు ఉన్న రికార్డింగు మా ఇంట్లో ఇంకెక్కడా లేదు. "ఏటి చెప్పాడో నీకు గుర్తుందా?" అని మామ్మ నాన్నగారిని అడిగితే, ఆయన "ఆ గొడవలో ఎవరికి వినపడిందే" అన్నారు.

అప్పటి పద్ధతే అది. పాటలు లేకపోతే కస్టమర్లే ఊరుకునేవారు కాదు. మాస్టర్ క్యాసెట్టు ఖరీదైనది కాబట్టి దాన్నే తుడిచి ఇంకో పెళ్ళికి వాడటం కూడా ఉండేదని పాతవాళ్ళు చెప్తారు. మన చేతికొచ్చింది కాపీ. టేపు నుంచి టేపుకి కాపీ చేసిన ప్రతిసారీ బొమ్మ కాస్త పాడవుతుంది. అసలుది ఎవరి దగ్గర ఉందని అడగాలన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు.

సినిమాలా తీయడం

1995లోనే జపాన్ కంపెనీలు డిజిటల్ టేపు తెచ్చాయి, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, గంటసేపు పట్టేది. మన పెళ్ళిళ్ళకి చేరేసరికి 2000లు దాటింది. క్యాసెట్టు పోయి సి.డి., తరవాత డి.వి.డి. వచ్చాయి.

అసలు మలుపు 2008. క్యానన్ ఫైవ్-డి మార్క్ టూ అనే ఫోటో కెమెరా వచ్చింది. ఫోటో కెమెరానే, కానీ ఫుల్ హెచ్.డి. వీడియో తీస్తుంది. వెనకాల మసగ్గా, మొహం ఒక్కటే స్పష్టంగా, సినిమాలో లాగ. తక్కువ వెలుతురులో కూడా బాగా వస్తుంది కాబట్టి ఆ వెయ్యి వాట్ల లైటు బాధ చాలావరకు తగ్గింది. ఇది పెద్ద మేలే.

కాని ఆ కెమెరాకి ఒక హద్దు ఉండేది. ఒక ఫైలు 4 జి.బి. దాటకూడదు. అంటే దాదాపు 12 నిమిషాలు కాగానే రికార్డింగు ఆగిపోతుంది, మళ్ళీ నొక్కాలి. నా ఉద్దేశంలో పెళ్ళి వీడియో స్వభావం మారడానికి ఇదొక కారణం. మూడు గంటలు ఆపకుండా నడిచిన క్యాసెట్టు పోయి, ముక్కలు ముక్కలుగా అందమైన షాట్లు తీసి, చివరికి నాలుగు నిమిషాల హైలైట్ కట్టడం వచ్చింది. అందం పెరిగింది, నిడివి తగ్గింది. విస్తరి ముందు కూర్చున్న చుట్టాలు మళ్ళీ మాయమైపోయారు. మళ్ళీ 36 బొమ్మల కాలానికే వచ్చామనిపిస్తుంది నాకు, ఈసారి స్లో మోషన్‌లో.

ఆ తరవాత 2020. లాక్‌డౌన్‌లో పెళ్ళికి 50 మంది కంటే ఎక్కువ ఉండకూడదన్నారు. అప్పుడు పల్లెల్లో కూడా యూట్యూబ్ లైవ్ వచ్చింది. మన ఉత్తరాంధ్రకి ఇది కొత్త సౌకర్యమే గాని కొత్త అవసరం కాదు. మన తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కి వేటకి వెళ్ళినవాళ్ళూ, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళూ, చెల్లెలి పెళ్ళికి కూడా రాలేనివాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. పెళ్ళి వీడియో అనేది మొదట్నుంచీ రాలేనివాళ్ళ కోసమే. ఇక్కడా పాటతో చిక్కే. మండపంలో స్పీకర్లో మోగే సినిమా పాటని యూట్యూబ్ యంత్రం గుర్తుపట్టి ఆ భాగం శబ్దాన్ని మూసేయగలదు. మిక్సింగ్ షాపు 1995లో చేసిన పనే ఇప్పుడు యంత్రం చేస్తోంది.

దాచుకోవడం ఎవరి పని?

ఇప్పుడు నా పాత ఉద్యోగం గుర్తొచ్చే చోటుకి వచ్చాం. వి.సి.ఆర్.లు తయారుచేసే చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయి, 2016 జులైలో ఆపేసింది. అంటే ప్రతి ఇంట్లో బీరువా మీదున్న క్యాసెట్టుకి ఇక కొత్త ప్లేయర్ పుట్టదు. మనది సముద్రపు గాలి. తేమకి టేపు మీద బూజు పడుతుంది. కిటికీలోంచి చూస్తే చుట్ట అంచున తెల్లటి మచ్చలు కనపడితే అది బూజే. దాన్ని ప్లేయర్లో పెడితే ప్లేయర్ కూడా పాడవుతుంది. ముందు శుభ్రం చేయించాలి.

డిజిటల్ కదా, ఇప్పుడు ఆ బాధ లేదంటారా? లెక్క వేద్దాం. ఇవాళ్టి 4కె కెమెరాల్లో మామూలుగా వాడే సెకనుకి 100 మెగాబిట్ల రికార్డింగు అయితే, గంటకి 45 జి.బి. మూడు కెమెరాలు, ఆరు గంటలు అంటే 810 జి.బి. ఒక్క పెళ్ళికి. సీజన్‌లో ముప్పై పెళ్ళిళ్ళు చేసే వీడియోగ్రాఫర్ ఇదంతా ఎన్నాళ్ళు దాస్తాడు? దాయలేడు. కొన్ని నెలలకి తుడిచేస్తాడు. అది అతని తప్పు కాదు, డిస్కుల ఖర్చు. చివరికి మీ దగ్గర మిగిలేది ఒక పెన్‌డ్రైవ్. పెన్‌డ్రైవ్ అనేది ఫైళ్ళు మోసుకెళ్ళే సంచి అండి, దాచుకునే బీరువా కాదు.

ఇది కుటుంబం విషయమే కాదు. మా భోగాపురం చూడండి. ఇక్కడ అల్లూరి సీతారామరాజు పేరుతో అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. ఆ స్థలం కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట అనే నాలుగు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వాళ్ళకి వేరే చోట కాలనీలు కట్టారు. ఎయిర్‌పోర్టు మంచా చెడా అన్నది ఇంకో ఎపిసోడ్. నేను చెప్పేది ఒక్కటే. ఆ నాలుగు ఊళ్ళలో ఏ పెళ్ళికి తీసిన క్యాసెట్టు ఎవరి దగ్గర మిగిలినా, అందులో ఆ వీధి ఉంటుంది. ఊరేగింపు వెళ్ళిన దారి ఉంటుంది, రావిచెట్టో, బావో, రామాలయం అరుగో ఉంటుంది, అరుగు మీద కూర్చుని చూస్తున్న ముసలాయన ఉంటాడు. ఆ వీధుల్ని ఎవరూ డాక్యుమెంటరీ తీయాలని తీసి ఉండరు. పెళ్ళికొడుకుని తీస్తుంటే వెనకాల పడిపోయి ఉంటాయి. ఊరు పోయాక అదే ఊరి చరిత్ర. విజయనగరం మహారాజా గారి జాబితాలో లేనిది, ఒక మామూలు వీడియోగ్రాఫర్ క్యాసెట్టులో ఉంది.

అందుకే వీడియోకి మనిషిని పెట్టుకోవడమంటే ఇంటికి ఒక చరిత్రకారుణ్ణి పెట్టుకోవడం అంటాను.

సరే, ఎలా ఎంచుకోవాలి?

మొదటిది. హైలైట్ చూసి ఎవర్నీ ఒప్పుకోకండి. నాలుగు నిమిషాల హైలైట్ ఎవరైనా బాగా కట్టగలరు. "మీరు తీసిన ఒక పూర్తి పెళ్ళి చూపించండి, రాత్రి లగ్నం అయితే మంచిది" అని అడగండి. జీలకర్ర బెల్లం నుంచి తాళి దాకా ఆపకుండా ఉందా, పురోహితుడి మాట వినపడుతోందా, అడ్డుతెర తీసిన క్షణం దొరికిందా చూడండి. అక్కడే తెలిసిపోతుంది.

రెండోది. ఆ రోజు వచ్చేది ఎవరు? మాట్లాడేది స్టూడియో ఓనరు, వచ్చేది వేరే కుర్రాడు, ఇది మామూలే. వచ్చే మనిషి పేరు కాగితం మీద రాయించుకోండి. పెళ్ళికూతురి ముస్తాబు, మంగళస్నానాల దగ్గరికి లేడీ కెమెరామన్ కావాలనుకుంటే ముందే అడగండి. మొహమాటపడొద్దు. 1892లోనే ఆ ఏర్పాటు ఉంది.

మూడోది, శబ్దం. ఇది అందరూ మర్చిపోయేది. పురోహితుడికి ఒకటి, పెళ్ళికొడుకుకి ఒకటి చిన్న మైకులు పెడతారా? అప్పగింతల దగ్గర పాట వెయ్యకుండా అసలు శబ్దంతో ఇంకో కాపీ ఇస్తారా? వేరే డబ్బు అడిగినా ఇవ్వండి. పూల డెకరేషన్‌లో ఒక స్తంభం తగ్గించుకుంటే సరిపోతుంది.

నాలుగోది, అసలు ఫుటేజీ. చట్టం ఏం చెప్తోందో వినండి. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి గాని, ఫిల్ముకి గాని, వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్ళే మొదటి హక్కుదారులు. ఆ చట్టంలో ఫిల్ము అంటే వీడియో కూడా కలుస్తుంది. కాని చూడండి, "వేరే ఒప్పందం లేకపోతే" అనే మాట ఉంది. మీరు చదవకుండా సంతకం పెట్టిన బుకింగ్ ఫారంలో "హక్కులు స్టూడియోవి" అని ఉంటే అదే ఒప్పందం. ఇంకోటి, హక్కు మీదైనంత మాత్రాన ఫైళ్ళు వాటంతట అవే మీ ఇంటికి నడిచి రావు. కాబట్టి, ఎడిట్ కాని ఫుటేజీ మొత్తం ఫలానా తేదీలోపు మేమిచ్చే హార్డ్‌డిస్కులో వేసి ఇవ్వాలి, అప్పటిదాకా తుడవకూడదు, మా అనుమతి లేకుండా మీ పబ్లిసిటీకి వాడకూడదు, ఈ మూడు ముక్కలూ రాయించుకోండి. ఆఖరి వాయిదా డబ్బు ఆ డిస్కు చేతికొచ్చాకే.

అయిదోది, డ్రోన్. మా భోగాపురం చుట్టుపక్కల మండపం తీసుకున్నవాళ్ళు ముఖ్యంగా వినండి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం పనిచేస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుంచి 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల మీంచే ఎల్లో జోన్. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటితే ఎల్లో జోన్. అక్కడ ఎగరేయాలంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఇంకా దగ్గరైతే ఇంకా కఠినం. "అన్నా, ఇక్కడ ఎన్ని పెళ్ళిళ్ళకి ఎగరేశాం" అంటే అది ఎయిర్‌పోర్టు రాకముందు మాట. డిజిటల్ స్కై మ్యాపులో మీ మండపం ఏ జోన్లో ఉందో అతని చేతే చూపించండి. పైనుంచి తీసిన షాట్ లేకపోయినా పెళ్ళి ఆగదు.

ఆరోది, పైకం. బ్యాంకు ద్వారా ఇవ్వండి, రసీదు ఉంచుకోండి. వీడియో ఇవ్వకపోయినా, పోగొట్టినా అది సేవలో లోపం. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చెయ్యొచ్చు. స్టూడియో ఏ ఊళ్ళో ఉన్నా సరే. కాని అక్కడ నిలబడేది కాగితం, మాట కాదు.

ఆఖరిది మన పని. మా బ్యాకప్ వాళ్ళకి ఒక సూత్రం ఉంది, మూడు రెండు ఒకటి. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటికి దూరంగా. ఒక డిస్కు మీ దగ్గర, ఒకటి వియ్యాలవారి దగ్గర, ఒక కాపీ ఆన్‌లైన్‌లో. రెండు కుటుంబాలు కలిశాయి కదా, రెండిళ్ళలోనూ ఉండాలి. ఏటా పెళ్ళిరోజున ఒకసారి తెరిచి చూడండి, తెరుచుకుంటుందో లేదో తెలుస్తుంది. చూసినట్టూ ఉంటుంది. అయిదారేళ్ళకోసారి కొత్త డిస్కుకి మార్చండి. ఇంకో పాతిక బొమ్మలు కాగితం మీద అచ్చు వేయించుకోండి. ట్రంకు పెట్టెలో ఇన్నాళ్ళూ నిలబడింది కాగితమే.

ఒక్క మాట వీడియోగ్రాఫర్ల తరఫున కూడా. తెల్లవారుజామున లగ్నం అయితే ముందురోజు మధ్యాహ్నం నుంచి నిలబడే ఉంటారు. అందరూ తిన్నాక తింటారు, ఒక్కోసారి తినరు. పదిమంది బంధువుల పేర్లు రాసిన కాగితం, ఎవరు ఎవరో చూపించడానికి ఇంట్లో ఒక మనిషి, వేళకి భోజనం, ఈ మూడూ ఇచ్చి చూడండి. పని తేడా మీకే తెలుస్తుంది. బేరం ఆడి సగానికి తెగ్గొట్టి, ఆనక ముప్పై ఏళ్ళ జ్ఞాపకం అడిగితే ఎలాగండీ.

మీ ఇంట్లో పాత క్యాసెట్టు ఉంటే ఈ ఆదివారం కిందకి దించండి. అట్ట మీద పెళ్ళి తేదీ, ఊరి పేరు పెన్నుతో రాయండి. బూజు ఉందేమో చూసి, డిజిటల్ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. అందులో మీ తాతగారి గొంతు ఉందేమో, ఇప్పుడు లేని ఊరు ఉందేమో. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.